తార్ సారు రాసిన నాట్ల పాటలు

ములకలపల్లి దాటాక బస్సు కిటికీలోంచి దమ్ము చేసిన మడి వాసన ఒక్కసారిగా లోపలికొస్తుంది. బురద, చితికిన గడ్డి, కొంచెం డీజిలు, వాటి వెనక ఎక్కడో తడిసిన అడవి. ఆ వాసన తగలగానే నా కుడిచేతి వేళ్ళు మోకాలి మీద తాళం వేయడం మొదలుపెడతాయి. పక్క సీటావిడ వింతగా చూస్తే చూడనీ. ఈ వయసులో ఒకరి చూపులకు జడిసే ఓపిక నాకు లేదు. కళ్ళు మూసుకుంటే ఆ వానాకాలం మంచులోంచి నడిచివచ్చినట్టు మెల్లగా దగ్గరికొస్తుంది. దాని ముందు, చెవిలో పెన్సిలు దోపుకుని, రాఘవయ్య గారు వస్తుంటారు.

భద్రాచలంలో ఆయన్ని అందరూ తార్ సారు అనేవాళ్ళు. తార్లు, అంటే టెలిగ్రాములు, పంపే ఉద్యోగంలోనే జుట్టు నెరిసిన మనిషి. రిటైరయ్యాక ఇంట్లో హార్మోనియం నేర్పేవారు. నేనప్పుడు ఒక ప్రైవేటు కాలేజీలో కంప్యూటర్లు చెప్తూ సాయంత్రాలు ఆయన దగ్గరికి వెళ్ళేదాన్ని. నేర్చుకున్నదానికంటే తగువు పెట్టుకున్నదే ఎక్కువ. ఆయన స్వరాలను ఉత్త అక్షరాల్లో రాసేవారు. సరిగమలు, సాగదీయాల్సిన చోట కామాలు, పై స్థాయికి అక్షరం పక్కన చిన్న గీత, కింది స్థాయికి చుక్క. టైపు మిషను మీద లేని గుర్తు ఆయన పాటలో ఉండదు. తర్వాత ఎవరో వాడి వదిలేసిన కంప్యూటరు కొనుక్కున్నారు గానీ, అందులోనూ నోట్‌ప్యాడ్ తప్ప ఇంకొకటి తెరిచిన పాపాన పోలేదు.

ఇదంతా నాకు చాదస్తంగా కనిపించేది. కాలేజీ కంప్యూటర్లో నేనొక సంగీతం సాఫ్ట్‌వేర్ ఎక్కించి, ఐదు గీతల మీద గుండ్రటి గుర్తులతో ఒక కీర్తన అచ్చు తీసి ఆయన ముందు పెట్టాను. ఆయన దాన్ని తిప్పి తిప్పి చూశారు.

"ఐదు తీగెలు గుంజినవేంది బిడ్డా? నేను ఊరందరి కబుర్లు ఒక్క తీగె మీదనే నడిపిచ్చిన."

"సారూ, ఇది మీట నొక్కితే పాడుతది. మీ అక్షరాలు నోరు తెరుస్తయా?"

"మిషినే పాడితే ఇగ నువ్వెందుకు? సరేగని, గీ ఫైలు నా కంప్యూటర్ల తెరుస్తదా?"

తెరవదు. ఆ సాఫ్ట్‌వేర్ ఆయన దగ్గర లేదు. ఆయన ఫైలు మాత్రం కాలేజీలో, నెట్ సెంటర్లో, ఎక్కడ పెట్టినా తెరుచుకునేది. టీ తాగి మళ్ళీ మొదలుపెట్టాను.

"అయితే జారుడు ఎట్ల రాస్తరు? రి కాడ్నించి గ మీదికి గొంతు జారుతది చూడుండ్రి, అది ఏ అక్షరం?" అన్నాను.

"అది రాయరాదు. నీ ఐదు తీగెల మీద మాత్రం పట్టిందా? రాతల దారి వరకే ఉంటది. నడిచే మనిషి నడక నడిచే మనిషిదే."

ఆ మాట ఒప్పుకోలేదు నేను. ఇప్పటికీ సగమే ఒప్పుకుంటాను. కానీ ఒక ఉదయం చండ్రుగొండ భజన బృందంలో ఒకాయన ఫోన్ చేసి ఏదో వరుస అడిగితే, సారు పాడలేదు. పాతకాలం టెలిగ్రాం చదివినట్టు "స, కామా, కామా, రి, గ, మళ్ళ గ" అని చెప్తూ పోయారు. అవతలాయన రాసుకుని తిరిగి చదివి వినిపించాడు. అంత గురగుర మోగే లైనులోంచి ఒక పాట చుక్క ఒలకకుండా ఊరు మారింది. నేను తలుపు దగ్గర నిలబడి విన్నాను. లోపల ఏదో మెత్తబడినట్టయింది.

ఆ వానాకాలమే ఎల్లమ్మ దగ్గరికి వెళ్ళాం. ములకలపల్లి అవతల అడవి అంచున ఒక గుంపులో, అంటే నాలుగిళ్ళ గూడెంలో, ఉండేది. నాట్లకు పోయినచోటల్లా ముందు వరుస అందుకునేది ఆమే. పొద్దున ఒక వరుస, ఎండ ఎక్కితే ఒకటి, గట్టు చేరేటప్పుడు ఇంకొకటి, అలా పంతొమ్మిది పాటలు ఆమె దగ్గరే మిగిలాయి. టేప్ రికార్డరు బయటికి తీస్తే మూతి బిగించేసింది.

"గా డబ్బా ముంగట నేను పాడ. నా గొంతు అండ్ల పెట్టుకొని మీరు పోతే నా తాన ఏముంటది?"

సారు నవ్వి, చెవిలో పెన్సిలు తీశారు. బస్సు టికెట్ వెనక, మందుల చీటీ వెనక, ఏది దొరికితే దాని వెనక రాశారు. చినుకులు పడుతుంటే ఆమె నారు కట్ట పట్టుకుని పాడుతోంది. పొగమంచు అడవిలోంచి దిగి మడి మీద పరుచుకుంటోంది. పాట ఆమె నోట్లోంచి వస్తోందో, ఆ నీళ్ళలోంచి వస్తోందో తెలియనట్టుండేది. ఆఖరున ఆమె ఒక్కటే అడిగింది.

"నా కోడండ్లకు రావు. బిడ్డ నాగమణికి సగం సగం. మీరు రాసుకున్నయి మల్ల మావోళ్ళకే ఇయ్యాలె. గంతే."

ఇస్తామని ఇద్దరం మాటిచ్చాం.

పన్నెండు పాటలయ్యాక సారుకు జ్వరం పట్టుకుంది. మిగిలిన ఏడింటికి నేనొక్కదాన్నే వెళ్ళాను. చీటీల మీద రాసుకొచ్చి, సారు పన్నెండింటితో కలిపి అన్నీ నా సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించి, అందంగా ముస్తాబు చేసి, నా చిత్తు కాగితాలు చింపి పారేశాను. ఫెయిర్ కాపీ అయ్యాక చిత్తు ఎందుకన్న తెలివి నాది. ఆ చలికాలం ఎల్లమ్మ పోయింది. ఆ మరుసటేడు కాలేజీలో కంప్యూటర్లు మార్చారు. కొత్తదాంట్లో నా సాఫ్ట్‌వేర్ ఎక్కలేదు, దాన్ని తయారుచేసినవాళ్ళు దుకాణం ఎత్తేశారట. సీడీలో దాచుకున్న పంతొమ్మిది ఫైళ్ళు తెరిస్తే తెర నిండా డబ్బాలూ పిచ్చిగీతలూ. ఇంతమందితో వాదించి గెలిచినదాన్ని, ఆ డబ్బాలతో ఏమని వాదించను?

తిడతారని తెలిసే సారు దగ్గరికి వెళ్ళాను. తిట్టలేదు.

"నేను రాసిన పన్నెండు ఉన్నయి. కూసో" అన్నారు.

నోట్‌ప్యాడ్ తెరిచి, లేచి టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళారు. ఒక్కో పాటా కిందికి జరుపుతూ చదివాను. మూడో పాటలో ఒక వరుస కింద ఇంకో వరుస ఉంది. దాని చివర నా పేరు. "అరుణ విన్నది ఇట్ల." ఏడో పాటలో రెండు చోట్ల. తొమ్మిదో పాటలో నాలుగు చోట్ల. పొలం గట్టు మీద నేను "అట్ల కాదు సారూ" అని మొండికేసిన ప్రతిచోటా, ఆయన "నీ చెవులు కడుక్కో" అని కొట్టిపారేసిన ప్రతిచోటా, నా మాట ఆయన మాట కింద పొల్లుపోకుండా కూర్చుని ఉంది. నోటితో ఒక్కసారైనా ఒప్పుకోని మనిషి. టీ గ్లాసులతో వచ్చి నా ముఖం చూశారు.

"ఏడుస్తవేందే? ఎవరు కరెక్టో నాకేం ఎరుక? రెండు పెడితే ఎన్కొచ్చేటోళ్ళు చూసుకుంటరు."

సారు వెళ్ళిపోయి మూడేళ్ళవుతోంది. ఆ పన్నెండూ నాగమణికి ఇచ్చాను. స్వరాలు చదవడం రెండు ఎండాకాలాలు పట్టి నేర్పాను. మూడో పాట చదువుతూ మధ్యలోనే ఆగింది.

"గిట్ల కాదక్కా. మీ ఇద్దరిదీ తప్పే. మా అమ్మ ఈడ ఆగకపోయేది."

మా రెండు వరుసల కింద మూడోది రాశాను, ఆమె పేరుతో. ఇప్పుడు నాట్లేసేటప్పుడు ఏదైనా గుర్తొస్తే నాగమణి గట్టు మీద కూర్చుని ఫోన్లో అక్షరాలు కొట్టి పంపుతుంది. బురద వేళ్ళతో కొట్టిన అక్షరాలు కూడా తిన్నగానే చేరతాయి.

పోయిన ఏడింటికీ ఫైల్లో పదమూడు నుంచి పంతొమ్మిది దాకా అంకెలు వేసి ఖాళీగా ఉంచాను. ఈ ఉదయం పద్నాలుగో పాటకు ఒకటిన్నర వరుస వచ్చింది. చదవగానే అనిపించింది, ఇది ఇలా కాదని. రెండో స్వరం ఎల్లమ్మ పైకి లాగేది, నాకు బాగా గుర్తు. అయినా నాగమణి పంపింది పంపినట్టే పైన పెట్టాను. దాని కింద నాది రాశాను. ఆ తర్వాత, మా ఇద్దరి చెవులనూ కాదనే మనిషి ఎవరైనా ఆ గుంపులో ఇంకా ఉంటే బాగుండునని ఆశపడి, ఇంకో వరుసకు చోటు వదిలాను.