రొయ్యల చెరువు మనిషి తొడ మీది చారలు

పెంచి చెప్పడం నా జబ్బని ముందే ఒప్పుకుంటున్నాను. రెండో జబ్బు గజ్జల్లో తామర. పాలకొల్లు బస్సులో నేను గోక్కుంటుంటే రాజమండ్రి దాకా వినిపించింది. మందుల షాపువాడిచ్చిన ట్యూబు జేబులోంచి జారిపడగానే, పక్కసీట్లోని రొయ్యల చెరువు కూలీ మండిపడ్డాడు.

“అవతల పారెయ్యండి బాబుగారూ! స్టెరాయిడ్ కలిపిన మందండి అది. రాస్తే తగ్గుద్ది, మానేస్తే ఇంకా పాకుద్ది. ఏడాది రాశాను. తడి లుంగీతోనే తిరిగాను. ఒకటే తువ్వాలు వాడి మా ఆవిడకీ అంటించాను. చూడకుండా మందిచ్చేవోణ్ణి ఏమనాలండి?”

లుంగీ పైకి లాగాడు. తొడ మీద వానపాముల్లాంటి ఎర్రటి చారలు.

“తామర డాక్టరమ్మ మందుతో పోయింది. ఆ ట్యూబు రాసి తెచ్చుకున్న ఈ చారలు మాత్రం పోవంటండి!”

బస్సంతా ఘొల్లున నవ్వింది.

ఆ నవ్వు నా కల్పన. నిజానికి ఎవరూ నవ్వలేదు. చారలు మాత్రం తగ్గించి రాశాను.