వెర్నా హాల్‌స్టెడ్, సమ్మతుల పేజీ

వాషింగ్టన్‌లో విదేశాంగ మంత్రి గది బయట బల్ల దగ్గర వెర్నా హాల్‌స్టెడ్ ముప్ఫై ఒక్క ఏళ్ళు కూర్చుంది. హేగర్స్‌టౌన్‌లో రైలింజన్లు బాగుచేసే మెకానిక్ కూతురు. టైపు పరీక్ష పాసై వచ్చింది, ఏడుగురు మంత్రులు మారినా తను మారలేదు. సంతకానికి వెళ్ళే ప్రతి కాగితం ముందు ఆమె చేతిలో పడాలి. మార్జిన్ పావు అంగుళం తగ్గినా తిప్పి పంపేది. అధికారులు చాటున ఆమెను అత్తగారు అనేవారు. ఆ సంగతి తెలిశాక ఇంకాస్త బిగించింది.

కాగితం చివర సమ్మతుల పేజీ ఉంటుంది. సంబంధం ఉన్న ప్రతి విభాగం నుంచి ఒకరు తమ పేరు పక్కన ‘సమ్మతం’ అని రాయాలి. ఒక్క గడి ఖాళీగా ఉన్నా వెర్నా దాన్ని గడప దాటనివ్వదు. అసలు కిటుకు ఇక్కడే ఉంది. ఆ భవనంలో కాదని ఎవరూ రాయరు. రాస్తే పేరు మిగిలిపోతుంది, రేపు ఏదైనా జరిగితే పట్టుకుంటారు. అందుకని ఇష్టం లేనివాడు భోజనానికి వెళ్తాడు. ఫోన్ మోగుతూనే ఉంటుంది. కాగితం దానంతటదే చస్తుంది, చంపినవాడు ఉండడు. ఇంత మర్యాదస్తుల పద్ధతి ఇంకెక్కడా దొరకదు.

మార్చి నెలలో ఒక గురువారం, మధ్యాహ్నం రెండూ ఇరవై. డెస్మండ్ కిల్‌గాలెన్ ఫైలు పట్టుకుని రొప్పుతూ వచ్చాడు. యుద్ధం నడుస్తున్న ఒక దేశం వ్యవహారాలు చూసే అధికారి అతను. అక్కడ కెరూమా అనే ఊరి ఆసుపత్రిలో మూడు వందల పన్నెండు మంది రోగులు చిక్కుకుపోయారు. చుట్టూ బాంబులు వేస్తున్నది అమెరికా మిత్రదేశం. ఆరు గంటలు ఆపమని మంత్రి రాస్తే ఆపుతారు. ఏడు బస్సులు రెండు విడతలు తిరిగితే అందరూ బయటపడతారు. మంత్రి నాలుగింటికల్లా విమానాశ్రయానికి బయల్దేరతారు. ఈలోగా సంతకం కాకపోతే తెల్లారేసరికి ఊరు దాటే ఒక్క రోడ్డూ ఉండదు.

వెర్నా చివరి పేజీ తిప్పింది. ఆరు గడుల్లో ఐదు నిండాయి, సైనిక వ్యవహారాల గడి ఖాళీ.

“వీమ్స్ ఏడి?”

“భోజనానికి వెళ్ళాడట.”

“రెండున్నరకి భోజనమేంటయ్యా, పెళ్ళివారింటికి వెళ్ళాడా?”

“వెర్నా గారూ, ఈ ఒక్కసారికి వదిలెయ్యండి. మీ కాళ్ళు పట్టుకుంటా.”

“నా కాళ్ళు పట్టుకుంటే ఆయన గడి నిండుతుందా? ఖాళీ గడి చూస్తే లోపల్నుంచి మొహాన కొడతారు, అరగంట పోతుంది. ఇలా ఇవ్వు.”

ఆమె లేచింది. పనివేళల్లో ఆమె బల్ల వదిలి వెళ్ళడం డెస్మండ్ ఎప్పుడూ చూడలేదు. ఫలహారశాలలో వీమ్స్ లేడు. అతని గది తాళం వేసి ఉంది. మూడూ ఐదుకి కింది అంతస్తులో మంగలి దుకాణం అద్దంలోంచి అతని మొహం కనబడింది. మెడ చుట్టూ తెల్లగుడ్డ, సగం జుట్టే కత్తిరించి ఉంది. ఆ స్థితిలో మనిషి ఎక్కడికీ పారిపోలేడు.

ప్రెస్టన్ వీమ్స్ సైనిక వ్యవహారాల విభాగం పెద్ద. అద్దంలో వెర్నాను చూడగానే అతని మొహం పాలిపోయింది.

“తల్లీ, క్షవరం కూడా చేయించుకోనివ్వవా?”

“చేయించుకో. ముందు ఇది రాయి.”

“నేను కాదనలేదే!”

“అను మరి. కాదని రాసి సంతకం పెట్టు.”

మంగలి కత్తెర ఆగిపోయింది. వీమ్స్‌కి అర్థమైంది. ఖాళీ గడితో కాగితం పైకి పోదు. ‘కాదు’ అని రాసి ఉంటే మాత్రం పోతుంది. అది అభిప్రాయభేదం, తేల్చాల్సింది మంత్రి. ఇరవై రెండేళ్ళ ఉద్యోగంలో అతను ఆ మాట ఒక్కసారీ రాయలేదు.

“పోయిన ఏడాది ఇలాగే ఆపించాం,” అన్నాడు గొంతు తగ్గించి. “ఆ సందు చూసుకుని అవతలివాళ్ళు రాకెట్లు మోసుకొచ్చుకున్నారు. వారం తిరక్కుండా అవి పడి సంతలో నలభై మంది పోయారు. అప్పుడు సమ్మతం రాసింది నేనే. తెలుసా నీకు?”

“తెలీదు. ఆ మాటే రాయి. గోడకి చెబితే లాభమేంటి?”

అతను ఆమెను తిట్టుకుంటూనే గుడ్డ కిందినుంచి చేయి తీశాడు. ‘కాదు’ అని రాసి, కింద నాలుగు వరుసల్లో కారణం రాశాడు. కాగితం మీద పడ్డ వెంట్రుకలను వెర్నా ఊదేసింది.

మూడూ నలభైకి ఫైలు లోపలికి పోయింది. మంత్రి గారు కోటు తొడుక్కుంటూ వీమ్స్ రాసింది రెండుసార్లు చదివారు. ఆరు కొట్టేసి మూడు అని రాసి, సంతకం పెట్టి, లిఫ్టు వైపు నడిచారు.

మూడు గంటలు అంటే ఒక్క విడత. నూట అరవై మంది.

డెస్మండ్ వెర్నా బల్ల మీది ఫోన్‌లోనే కెరూమాకి చెప్పాడు. అటు ఉన్నది నెలేమ్ అనే డాక్టరు. ఆవిడ ఏదో అడిగింది. డెస్మండ్ చేత్తో రిసీవరు మూశాడు.

“ముందు ఎవర్ని ఎక్కించమంటారు అని అడుగుతోంది. నావల్ల కాదు, మీరే చెప్పండి అంటోంది. ఎవర్ని అడగను?”

వెర్నా కారిడారు వైపు చూసింది. తలుపులన్నీ వేసి ఉన్నాయి. అడిగితే ఎవరూ కాదనరు. గంట గడిచిపోతుంది, అంతే. ఆమె డెస్మండ్ వైపు తిరిగింది.

“పిల్లల్ని, బాలింతల్ని, మంచం దిగలేనివాళ్ళని ఎక్కించమను. నడవగలిగినవాళ్ళు బస్సుల వెనకే నడవాలి. ఇప్పుడే బయల్దేరమను.”

బస్సుల్లో వెళ్ళిన నూట అరవై మందీ చేరారు. నడిచినవాళ్ళలో తొంభై నాలుగు మంది చేరారు. గడువు తీరేసరికి యాభై ఎనిమిది మంది ఇంకా రోడ్డు మీదే ఉన్నారు. బాంబులు మళ్ళీ మొదలయ్యాయి.

పది రోజులకు కెరూమా నివేదిక వెర్నా బల్ల మీదికి వచ్చింది. మార్జిన్లు సరిగ్గా ఉన్నాయి. నాలుగో పేజీలో ‘ఎవరు ఎక్కాలో, ఎవరు నడవాలో ఆసుపత్రి డాక్టరు నిర్ణయించారు’ అని ఉంది. వెర్నా ‘ఆసుపత్రి డాక్టరు’ అన్నది కొట్టేసి పైన తన పేరు రాసింది.

“ఎందుకండీ?” అన్నాడు డెస్మండ్. “ఎవరూ అడగరు. వచ్చే నెల మీ రిటైర్మెంటు.”

“యాభై ఎనిమిది మందిని ఆ డాక్టరు పిల్ల నెత్తిన పెడతావా? వాళ్ళ ఇళ్ళవాళ్ళు రేపు ఆవిడ గుమ్మంలో నిలబడరూ? నడవమన్నది నేను.”

వెర్నా నివేదిక మళ్ళీ మొదటి పేజీ నుంచి టైపు చేయించింది. తయారయ్యాక తనే పట్టుకుని లోపలికి వెళ్ళింది.