రాతిమెట్ల మీద విడిచిన బూట్లు

మొన్న శనివారం ఉదయం, అల్ఫారెట్టాలో మా అమ్మాయి ఇంట, గరాజ్ తలుపు పక్కనున్న చెప్పుల అరలో ఒక కొత్త బూట్ల జత కనబడింది. మా మనుమరాలు తన హైస్కూలు బృందంతో పది రోజులపాటు యూరప్‌లోని పురాతన నగరాలు చూడబోతున్నదనీ, అందుకోసమే వాటిని కొన్నారనీ తెలిసి, ఆ పిల్లను పిలిచి, అక్కడి చర్చిలలోకి వెళ్ళేటప్పుడు బూట్లు విప్పవద్దని గట్టిగా చెప్పాను. "వై తాతయ్యా? చర్చ్‌లో షూస్ ఎవరు తీస్తారు?" అని నవ్వింది. తీసినవాళ్ళు ఇద్దరున్నారనీ, వారిలో ఒకణ్ణి నేనేననీ దానికి వెంటనే చెప్పలేకపోయాను. నా ఈడువారితోనైతే అంతా చెప్పుకోవచ్చు.

ఇంటివద్ద తండ్రిగారి శిక్షణలో సంస్కృతాంధ్రాలు చదువుకొని, ఆ మీదట ప్రాచీన భాషల అధ్యయనానికి ఈ అమెరికా దేశపు విశ్వవిద్యాలయంలో చేరిన రోజులవి. ఒక వేసవిలో మా ఆచార్యులవారు పదిహేనుమంది విద్యార్థులను వెంటబెట్టుకొని రైళ్ళలో యూరప్ అంతా తిప్పారు. తెలుగువాళ్ళం నేనూ, ఓరుగల్లు వైపునుంచి వచ్చిన నా గదిమిత్రుడూ మాత్రమే. ఆ నగరాలలో ఏ రాయిని కదిపినా నెత్తుటి కథే. రోమ్‌లో మనుషులను మృగాలకు ఎరవేసిన రంగస్థలం, వేరొక ఊరిలో దోషులను ఆకలితో చంపడానికి గోపురానికి వేలాడగట్టిన ఇనుప పంజరం, ఇంకొకచోట నేలమాళిగలో కీళ్ళు ఊడేదాకా మనిషిని సాగదీసే కొయ్యచట్రం. వీటన్నిటినీ మేము ఐస్‌క్రీమ్ చప్పరిస్తూ చూశాము. యుద్ధవర్ణనలలోని నెత్తుటేరులను కంఠస్థం చేసి, సమాసాల పొందికకు తల ఊపిన వాణ్ణి గనుక, నాకు అదంతా ఒక అలంకారంగానే తోచింది.

నాకొక పట్టుదల ఉండేది. ఎవరి దేవుడి ఇల్లయినా దేవుడి ఇల్లేనని, ప్రతి చర్చి ముందూ బూట్లూ మేజోళ్ళూ విప్పి, మెట్లమీద ఒక వారగా పెట్టి, వట్టికాళ్ళతో లోపలికి వెళ్ళేవాణ్ణి. తోటి అమెరికన్ విద్యార్థులు మొదట వింతగా చూసి, తరువాత పట్టించుకోవడం మానేశారు. నా మిత్రుడు మాత్రం ఎత్తిపొడవకుండా ఉండలేకపోయేవాడు. "ఏం పంతులూ, ఇది మన గుడి గాదుర బై. బూట్లు ఇడిసిపెడితె దేవుడు గాదు, దొంగ మెచ్చుకుంటడు" అంటూనే, నన్నొక్కణ్ణీ నవ్వులపాలు కానివ్వడం ఇష్టంలేక తానూ విప్పేవాడు.

చివరి మజిలీలో, ఒక పెద్ద చర్చిలో రంగుటద్దాలు చూస్తూ ఉండగా, బయటి చౌకులో సముద్రం విరుచుకుపడినట్లు హోరు వినిపించింది. రెండు ఫుట్‌బాల్ జట్ల అభిమానులు కలబడ్డారట. కావలివాడు పరుగున వచ్చి సింహద్వారానికి గడియ వేశాడు. ఆచార్యులవారు మమ్మల్ని పక్కతలుపు గుండా సందులోకి మళ్ళించి, స్టేషన్‌వైపు పరుగెత్తమన్నారు. మా బూట్లు ముందుమెట్లమీదే ఉండిపోయాయి.

ఆ సందులో మొదట నా కంటబడినది, కిందపడిన మనిషి ముఖాన్ని నలుగురు ఒకరి తరువాత ఒకరు బూటుకాళ్ళతో తన్నడం. ప్రతి తన్నుకూ ఆ తల రాళ్ళకు కొట్టుకొని మళ్ళీ లేచేది. పక్కనున్న కాఫీ హోటలు అద్దంలోకి కుర్చీ ఒకటి దూసుకుపోయింది. నేలంతా పగిలిన సీసాలే. పది అడుగులు వేశానో లేదో, గాజుపెచ్చు ఒకటి నా మడమలో ఎముకదాకా దిగడంతో కూలబడిపోయాను. అప్పటికే మలుపు దాటిన నా మిత్రుడు నేను కనబడక వెనుదిరిగాడు. అవే గాజుపెంకుల మీద, అవే వట్టికాళ్ళతో వచ్చి, నా చంకలలో చేతులు పెట్టి లేపుతూ ఉండగా, నడుముబెల్టును పిడికిలికి చుట్టుకొన్న యువకుడొకడు దాని చివరి ఇనుప బకిలును నా తలకు గురిచేసి విసిరాడు. మిత్రుడు అడ్డం వంగాడు. దెబ్బ అతని ఎడమకంటికి తగిలింది. ఆ చప్పుడు ఇప్పటికీ నా చెవిలో ఉంది.

తరువాతి సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. పక్కన పడివున్న పగిలిన సీసా మెడను అందుకొని ఆ యువకుడి తొడలో పొడిచాను. వాడు మోకాళ్ళమీద పడిపోయి, చేతులు అడ్డంపెట్టి ఏదో బతిమాలుతున్నాడు. అక్కడితో ఆగవలసింది. రెండవసారి కూడా పొడిచాను. ఆ రెండవ పోటులో భయం లేదు, ఆత్మరక్షణ లేదు, ఒక తీపి ఉంది. గుర్రాలమీద పోలీసులు రాగా వాడు కుంటుతూ గుంపులో కలిసిపోయాడు. ఏమైనాడో నాకు తెలియదు. ఆనాటినుంచీ ఏ యుద్ధవర్ణన చదివినా నాకు సమాసం కనబడదు, ఆ అడ్డంపెట్టిన చేతులే కనబడతాయి.

ఆసుపత్రిలో మూడు రోజులు ప్రయత్నించినా కన్ను దక్కలేదు. కట్టు కట్టిన ముఖంతో, నేను ఏడుస్తూ ఉంటే అతడే నన్ను ఊరడించాడు: "ఇగ మ్యూజియంల సగం టికెట్టే అడుగుత పంతులూ, సగమే కనబడతది గద!" ఇప్పుడు ఈ దేశంలోనే చాండ్లర్‌లో ఉంటున్నాడు. నా పట్టుదలను ఒక్కనాడూ తప్పుపట్టలేదు. పట్టివుంటే నాకు కొంత తేలికగా ఉండేది.

మనుమరాలికి ఇందులో సగమే చెప్పాను. అల్లరిమూకనూ, గాజుపెంకులనూ చెప్పి, సీసాను దాచాను. భయపడుతుందేమోనని మధ్యలో ఆగితే, అదే నా భుజం తట్టింది. "డోంట్ వర్రీ తాతయ్యా. స్కూల్‌లో మాకు థర్డ్ గ్రేడ్ నుంచి డ్రిల్స్ ఉన్నాయి కదా. ఎవరైనా గన్‌తో వస్తే ఫస్ట్ రన్, లేకపోతే హైడ్. అందుకే మా టీచర్ ఫ్లిప్‌ఫ్లాప్స్ వద్దు అంటుంది. షూస్ డబల్ నాట్ వేసుకోవాలి." బజారులో కూరల పేర్లు చెప్పినంత మామూలుగా చెప్పింది.

రక్తం చిందిన చోట్లు చూడటానికి మేము సముద్రాలు దాటి వెళ్ళాము, చూసి కూడా నమ్మలేదు. ఈ పసివాళ్ళు ఎనిమిదేళ్ళకే తరగతిగది మూలన, దీపాలార్పి, ఊపిరి బిగబట్టి కూర్చోవడం నేర్చుకొన్నారు. వీరికి నేను చెప్పగల హెచ్చరిక ఏముంది?

కొత్త బూట్లు కాళ్ళకు అలవాటు కావాలని, రెండు ముళ్ళు బిగించి, ఆ పిల్ల వాటితోనే ఇంట్లోకి వచ్చి, హాలులో, దేవుడి గది ముందు, అటూ ఇటూ నడిచింది. మా ఇంట ఏనాడూ బూటు గడప దాటి ఎరుగదు. విప్పమనబోయి, వంగి ఆ ముళ్ళు గట్టిగా ఉన్నాయో లేదో చూశాను.