కుడితి బండి

పాత సామాన్ల అంగడిలో కొన్న ఇరుసును విప్పేసరికి బేరింగుల నిండా కోడి ఈకలు, గడ్డకట్టిన కొవ్వు. అంతకు ముందు ఆ ఇరుసు ఉన్న రిక్షా కోడిమాంసం అంగళ్ళ నుంచి పేగులూ తలకాయలూ మోసేదట. ఆ సంగతి అమ్మినవాడు నేను దాన్ని భుజానికెత్తుకున్నాక చెప్పాడు. కిరసనాయిలులో నానబెట్టాను, ఇనుప బ్రష్షుతో రుద్దాను, సబ్బునీళ్ళతో కడిగాను. ఇనుము తళతళలాడింది గానీ వాసన నా గోళ్ళలో ఉండిపోయింది. ఆ పూట మా ఆవిడ నాకు వసారాలోనే అన్నం పెట్టింది. ఆమెను తప్పు పట్టను.

ఈ తిప్పలన్నీ మా మేనత్త కోసం. తిరుపతి నుంచి రేణిగుంట పోయే దారిలో, ఒకప్పుడు మళ్ళు ఉండి ఇప్పుడు అపార్టుమెంట్లు లేచిన చోట, రేకుల ఇంట్లో ఆమె, పక్కన కొట్టంలో ఆమె ఎనుము. గేదెను మేం ఎనుము అంటాం. మామ పోయినప్పటి నుంచి ఆమెకు తోడూ అదే, బతుకుదెరువూ అదే. పొద్దున చంకలో కడవ పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగి కుడితి తెచ్చేది, సాయంత్రం అవే ఇళ్ళకు పాలు పోసేది. కుడితి అంటే బియ్యం కడిగిన నీళ్ళు, వార్చిన గంజి, కూరగాయల తొక్కలు, మిగిలిన మెతుకులు. ఏర్పేడు వైపు నుంచి వచ్చే వరిగడ్డి కొంత, ఈ కుడితి కొంత, అలా దాని కడుపు నిండేది.

మోకాళ్ళు అరిగిపోయాయి, ఇక బరువులు మోయకూడదని డాక్టరు చెప్పాడు. "మొయ్యకుంటే ఎనుముకు ఏం పెట్టాల సామీ, మీరు రాసిచ్చిన మందుల సీటీ పెట్టాల్నా?" అని ఆయన్నే అడిగి వచ్చింది. నోరైతే చేసింది గానీ, ఇంటికొచ్చి కూర్చున్నాక లేవడానికి గోడ పట్టుకోవాల్సి వచ్చింది. మోత ఆగితే కుడితి ఆగుతుంది, కుడితి ఆగితే ఎనుమును అమ్మాలి. పైగా అప్పుడది చూడితో ఉంది. ఎనుము లేని అత్తను నేను ఊహించుకోలేకపోయాను.

నాకు బైకులు బాగుచేసే షెడ్డు ఉంది. రోజంతా మోచేతుల దాకా గ్రీజులోనే బతుకుతాను. కానీ పులిసిన కుడితి వాసన తగిలితే చాలు, చిన్నప్పటి నుంచీ నాకు కడుపులో దేవుతుంది. అలాంటి నేనే కుడితి మోసే బండి కట్టాల్సి వచ్చింది, నా ఖర్మ. షెడ్డులో మూలన పడున్న పాత బ్యాటరీ స్కూటరును సగానికి కోసి, వెనక ఆ కోళ్ళ ఇరుసు వేసి, మోటారు నుంచి గొలుసు తగిలించాను. ఇనుప చట్రం మీద చెక్క పలకలు పరిచి రెండు నీలం డ్రమ్ములు బిగించాను. ఎవరో గేటుకు వేయించుకోగా మిగిలిన ఆకుపచ్చ రంగు ఉంటే అదే పూశాను.

చూడవచ్చేవాళ్ళకు కొదవలేదు. చెయ్యి వేసినవాడు ఒక్కడూ లేడు. ఒకాయన గుట్కా నములుతూ, వెల్డింగు వంకర పోయిందన్నాడు, అంటూనే చక్రం పక్కన ఉమ్మాడు. ఇంకొకాయన, "ముసిలామెకు బండెందుకబ్బా, ఎనుమును సంతకు తోలేస్తే పోలా" అన్నాడు. ఆ ఉమ్మి కడిగే పని కూడా నాకే పడింది.

అత్త జన్మలో సైకిలెక్కలేదు. బ్రేకు పట్టమంటే బండిని "హో, హో, నిలబడే" అని గదిమేది. అది నిలబడకుండా పోయి కొట్టం గుంజకు తగిలి ఆగింది. ఎనుము నెమరు ఆపి తలెత్తి చూసింది. "సూడే, నీ సవితి వచ్చినాది" అని దానికి చెప్పి అత్త పడీపడీ నవ్వింది. నాలుగు రోజులు తిరిగేసరికి చెయ్యి కుదిరింది. నడిచే మనిషి వేగంతో, నడుముకు కొంగు దోపుకుని, మహారాణిలా పోయేది.

మొదటిసారి అపార్టుమెంటుకు నేనూ వెంట పోయాను. గేటు దాటీ దాటకముందే వాచ్‌మన్ ఈల వేసి, "చెత్త బండొచ్చింది!" అని పైకి కేకేశాడు. కొన్నేళ్ళుగా అత్తకు లేచి గేటు తీసినవాడే. వరసగా తలుపులు తెరుచుకున్నాయి. ఒకామె ముక్కు మూసుకుని వచ్చి నల్ల కవరు డ్రమ్ములో పడేసింది. ఇంకొకాయన మెట్ల మీద నుంచే విసిరాడు, అది పలక మీద పగిలింది. పసిపిల్లల డైపర్లు, వెంట్రుకల ఉండలు, కోడి ఎముకలు, మందుల అట్టలు. అత్త గాజులు వెనక్కి తోసుకుని మోచేతి దాకా డ్రమ్ములో ముంచి దేవింది. చేతికి గడ్డం గీసుకునే బ్లేడు వచ్చింది. "ఇది మింగుంటే?" అన్నదొక్కటే. నేను ప్రహరీగోడ పక్కకు పోయి వాంతి చేసుకున్నాను.

వాసన కుడితిది అయ్యుంటే నన్ను నేను తిట్టుకుని ఊరుకునేవాణ్ణి. ఆ వాసన కుడితిది కాదు. తమ ఇంట్లోంచి వచ్చిన కంపుకు తామే ముక్కు మూసుకుని, మా అత్త వైపు అసహ్యంగా చూస్తున్నారే, దానికి నా ఒళ్ళు మండింది. చంకలో కడవ ఉన్నన్నాళ్ళూ ఆమె పాలామె. బండెక్కగానే చెత్తామె అయిపోయింది.

ఊళ్ళో చెత్త తీసే బండ్లూ ఆకుపచ్చవే, వాటి డ్రమ్ములూ నీలానివే. సరే, రంగుతో వచ్చిన పీడ రంగుతోనే పోతుందనుకుని బండికి పసుపు రంగు కొట్టి, పక్కన ఎర్రటి అక్షరాలతో 'కుడితి బండి, చెత్త వేయరాదు' అని రాయించాను. మర్నాడు ఒక పెద్దమనిషి ఆ అక్షరాలను కూడబలుక్కుని చదివి, "కుడితి అంటే?" అన్నాడు. నవ్వుతాడేమోనని చూశాను, నవ్వలేదు. నిజంగానే తెలియదు. గంజి, తొక్కలు అని విడమర్చి చెప్పాను.

"ఓ, వెట్ వేస్టా!"

"వేస్టు కాదప్పా, కుడితి. మా ఎనుము తాగేది" అంది అత్త.

"అదేనమ్మా, వెట్ వేస్ట్" అని ఫోను తీసి అక్కడికక్కడే అపార్టుమెంటు గ్రూపులో పెట్టాడు, తడి చెత్త ఇకపై పసుపు బండిలో వేయండి అని. అంతే, తడిగా ఉన్నదల్లా వచ్చి పడింది. డైపరు తడిదే, కుళ్ళిన చేపా తడిదే. ఒక్కో తలుపూ కొట్టి చెప్పుకుంటూ నేను కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకున్నాను. విన్నవాళ్ళు తలూపారు, మళ్ళీ అదే వేశారు. చదువుకున్నవాళ్ళకు మెతుక్కూ మలానికీ తేడా చెప్పాల్సి రావడం కంటే రోత ఇంకోటి ఉంటుందా? అత్త మాత్రం రోజూ ఇంటికొచ్చి డ్రమ్ములో చెయ్యి పెట్టి దేవుతూనే ఉంది. ఎనుముకు పనికొచ్చేది అడుగున దోసెడు మిగిలేది.

ఆ రోజుల్లోనే ఎనుము ఈనింది. పెయ్యదూడ. మాలో ఒక ఆనవాయితీ ఉంది, పాడి గొడ్డు ఈనితే, కుడితి పోసిన ఇళ్ళకు ముందు జున్నుపాలు ఇచ్చి రావాలి. వాళ్ళకు ఏం ఇస్తావులే అన్నాను. "వాళ్ళ కుడితి తాగింది గదప్పా, రుణం పెట్టుకోగూడదు" అంది. డ్రమ్ములు విప్పించి, బండిని పసుపునీళ్ళతో తానే కడిగి, తోమిన స్టీలు క్యాను పెట్టుకుని బయల్దేరింది. నేనూ పోయాను.

మూడో అంతస్తు ఆమె అత్త దగ్గర ఎన్నో ఏళ్ళుగా పాలు పోయించుకుంటోంది. ఆమె పిల్లలు ఆ పాలతోనే పెరిగారు. కిందికి దిగి వచ్చింది, బండిని చూసింది, క్యానును చూసింది. కొంగు ముక్కుకు పెట్టుకుంది.

"ఈ బండిలోనా తెచ్చావు? వద్దమ్మా, ఇంట్లో పిల్లలున్నారు. పాలు కూడా ఇక ప్యాకెట్టు తెచ్చుకుంటాంలే."

"మీ ఇంటి కుడితే గదమ్మా ఇది" అంది అత్త.

ఆమెకు అర్థం కాలేదు. అర్థం కాలేదని మొహంలోనే తెలిసింది. ఇంకో రెండు తలుపులు తట్టాం, ఒకటి తెరుచుకోలేదు, ఇంకొకటి తెరుచుకుని మూసుకుంది. కారు రావాలి, బండి పక్కకు తియ్యమని వాచ్‌మన్ అరిచాడు. అత్త బ్రేకు వదిలి, గేటు దాటించింది. క్యాను మూత తీయకుండానే ఇంటికి చేరాం. నాకు వాళ్ళ మీద ఎంత అసహ్యం వేసిందంటే, ఆ మధ్యాహ్నమంతా షెడ్డుకు వచ్చినవాళ్ళ మీదల్లా కసురుకున్నాను.

ఆ వారంలోనే శ్రీకాళహస్తి వైపు నుంచి ఒకతను వ్యాను తెచ్చి ఎనుమునూ దూడనూ ఎక్కించుకున్నాడు. అత్త దాని మెడ నిమిరి, పలుపు విప్పి అతని చేతికిచ్చింది. అప్పుడూ చుట్టూ జనమే. తోలేస్తే పోలా అన్న ఆయన ముందుకొచ్చి, "మంచి పని సేసినావమ్మా. మోకాళ్ళు పోయినాక ఇంకేం సేస్తావులే" అన్నాడు.

"మోకాళ్ళకేం అబ్బా, మా అల్లుడు బండి కట్టిచ్చినాడు, బాగనే ఉండాయి" అంది అత్త. "రోత పుట్టి అమ్మినా."