అన్ని పేజీలకూ ఒకే తేదీ

2004 ఫిబ్రవరిలో నన్ను విశాఖపట్నం నుంచి అరకులోయలోని ఒక కార్యాలయానికి ప్రోగ్రామర్‌గా వేశారు. ఏజెన్సీ మండలాల వెబ్‌సైటు నా బాధ్యత. మండలానికో పేజీ. పైన బొమ్మ, పక్కన మెనూ, కింద రైతుల కాఫీని నేరుగా వ్యాపారులకు అమ్మించడానికి మా కార్యాలయం ఏటా పెట్టే అమ్మకం ప్రకటన అన్నిట్లోనూ ఒకటే. మధ్యలో సమాచారమే వేరు. అయినా నా ముందున్నవారు ప్రతి పేజీనీ మొత్తంగా విడివిడిగా రాసిపెట్టారు. అంతకు ముందు ఏడు అమ్మకం తేదీ మారితే కొయ్యూరు మండలం పేజీలో పాతదే ఉండిపోయిందట. అది చూసి వచ్చిన వ్యాపారి ఖాళీ లారీతో తిట్టుకుంటూ కొండ దిగాడట.

చేసిన పనే మళ్లీ చేయాలంటే నాకు ఒళ్లు మంట. ఉమ్మడి భాగాలను పేజీల్లోంచి తీసి, ఒక్కో భాగాన్ని ఒక్కో ఫైలుగా పెట్టాను. పేజీలో వాటిని పిలిచే వరుసలు మాత్రం మిగిలాయి. మా భాషలో ఇన్‌క్లూడ్ అంటాం. ఎవరైనా పేజీ తెరిచినప్పుడు సర్వరే ఆ ముక్కలను తెచ్చి అతికించి పంపుతుంది. నడుస్తున్న సైటును కెలకడం దేనికమ్మా అని సూపరింటెండెంటుగారు నసిగారు.

ఏప్రిల్‌లో గూడెం కొత్తవీధిలో అమ్మకం పెట్టాం. ఆ తేదీ దగ్గర పడ్డాక మా ఆపరేటర్ సుమిత్ర ఊరి నుంచి హడావిడిగా వచ్చింది. వాళ్ల నాన్న అక్కడే కాఫీ రైతు.

“మేడం, దిసారి పండగ రోజు సెప్పేసినాడు. మనం అమ్మకం ఎట్టిన రోజే. మగోళ్లంతా ఏటకెళ్లిపోతారు. బస్తాలు ఎవులు తెత్తారు? బేగి మార్చండి.”

దిసారి అంటే ఊరికి మంచిరోజు చూసి చెప్పే పెద్ద. ఆయన మాటకు తిరుగులేదు. వ్యాపారులు ఉత్తినే వచ్చిపోతే రైతులకు మళ్లీ దళారులే గతి. అమ్మకాన్ని ఆ వేట పండగ తర్వాతకు జరిపి, ప్రకటన ఫైలులో ఒక్క వరుస మార్చాను. మండలాల పేజీలన్నీ ఒకేసారి మారిపోయాయి. నాకు పట్టరాని సంతోషం కలిగింది. సూపరింటెండెంటుగారు కొయ్యూరు పేజీని స్వయంగా తెరిచి చూసుకుని, టీ తెప్పించారు.

కొత్త తేదీకి లారీలు వరుసగా వచ్చాయి. వేట నుంచి ఉత్త చేతులతో వచ్చిన మగవాళ్ల మీద ఆడవాళ్లు పేడనీళ్లు చల్లడం అక్కడి ఆచారం. సుమిత్ర నాన్న ఆ మరకల చొక్కాతోనే, నవ్వుతూ బస్తాలు దించాడు. మంచి ధర పలికింది.

మరుసటి ఏడు అమ్మకం తేదీ అడిగితే సూపరింటెండెంటుగారు ముందు దిసారిని కనుక్కోమన్నారు. ఊరంతా నడుచుకోవలసిన మాటను ఒక్కరే చెప్పాలని ఆ కొండవాళ్లకు ఎప్పటినుంచో తెలుసు. పేజీలకూ అదే పద్ధతి. మారేదాన్ని ఒక్కచోటే ఉంచాలి.