తోకముక్క

హాస్టల్లో అందరూ ఆమెను పోస్టమ్మ అనేవాళ్లు. మెడిసిన్ మూడో ఏడు. మూడు నెలల్లో నలభై ఒక్కమంది ప్రొఫెసర్లకు మెయిల్ పెట్టింది, మీ దగ్గర పరిశోధన చేసే అవకాశం ఇప్పించండని. ఒక్కరూ ఉలకలేదు, పలకలేదు. వద్దు అనడానికి ఎన్ని అక్షరాలు కావాలి? రెండు. ఆ రెండు కొట్టడానికి కూడా ఆ పెద్దమనుషులకు వేళ్లు రాలేదు.

పోనీ, వట్టి చేతులతో అడిగిందా అంటే అదీ కాదు. వాళ్లమ్మ ఆ కాలేజీ ఆసుపత్రిలోనే మందుల కౌంటర్లో ఇరవై ఏళ్లుగా కత్తెర పట్టిన మనిషి. పది మాత్రల స్ట్రిప్‌లో నాలుగు చాలంటే నాలుగే కత్తిరించి ఇస్తుంది. మందు పేరు, గడువు తేదీ ఒక కొసనే ఉండిపోతాయి. పేరులేని రెండో ముక్కకు ఆవిడ సొంతంగా పెట్టుకున్న పేరు తోకముక్క.

"ఈ తోకముక్కలే మనుషుల్ని ముంచుతాయే అమ్మడూ. ఇంటికెళ్లాక ఏది బీపీదో, ఏది షుగరుదో ఎవరికి తెలుస్తుంది?" అనేది.

ఆ మాట పట్టుకునే కూతురు పథకం రాసింది. వందమంది రోగుల ఇళ్లకు వెళ్లాలి, తోకముక్కలు వెతకాలి, ఎంతమంది ఏ మాత్రను ఏదనుకుని మింగుతున్నారో తేల్చాలి. మెయిల్లో అమ్మ మాటను అలాగే ఉంచింది. నెలాఖరులోగా ఒక్క ప్రొఫెసరు సంతకం పెడితే సెలవుల్లో పని మొదలుపెట్టొచ్చు. లేదంటే అంతా గంగపాలే.

గడువుకు రెండు రోజుల ముందు నోటీసు బోర్డు మీద ఒక కాగితం కనబడింది. 'తోకముక్కలు: ఇళ్లలో పేరులేని మాత్రలపై పరిశోధన'. ఇవాళ మధ్యాహ్నం సెమినార్ హాల్లో వివరిస్తారట. కింద ఫార్మకాలజీ పెద్దాయన పేరు, దాని పక్కనే అదే కాలేజీలో చదివే ఆయన మేనల్లుడి పేరు. ఆమె తొమ్మిదో మెయిల్ పెట్టింది ఆ పెద్దాయనకే. అత్తసొమ్ము అల్లుడు దానం చేశాడంటారు. ఇక్కడ ఊళ్లోవాళ్ల సొమ్మును మేనమామ మేనల్లుడికి దానం చేశాడు.

అరికాలి మంట నెత్తికెక్కింది. అమ్మకు ఫోన్ చేసింది.

"పోనీలేవే, పెద్దవాళ్లతో మనకెందుకు? మార్కులు వాళ్ల చేతుల్లో ఉంటాయి."

"నీ మాట కూడా ఎత్తుకుపోయారమ్మా! మాట కూడానా?"

అటువైపు కత్తెర చప్పుడు ఆగిపోయింది. "అయితే అడుగు," అంది అమ్మ.

హాలు నిండిపోయింది. మేనల్లుడు బొమ్మలు చూపించాడు, పెద్దాయన మురిసిపోయాడు. చివర్లో ఆమె లేచింది.

"సార్, తోకముక్క అనే మాట ఎక్కడిది?"

"మందుల షాపుల్లో అందరూ వాడేదేనమ్మా."

"ఎవరూ వాడరు సార్. మన ఆసుపత్రి నాలుగో కౌంటర్లో మా అమ్మ ఒక్కతే వాడుతుంది. ఆ మాట పుట్టించింది ఆవిడే. మీ దాకా ఎలా వచ్చింది?"

పెద్దాయన కళ్లజోడు తీశాడు, మళ్లీ పెట్టుకున్నాడు. "చూడమ్మా, నీ మెయిల్ నాకు అందనే లేదు."

"మెయిల్ సంగతి నేను ఎత్తనే లేదు సార్."

వెనక వరసలో ఎవరో నవ్వు ఆపుకోలేకపోయారు. ఆమెకు మాత్రం నవ్వు రాలేదు. నలభై ఒక్క ఉత్తరాలకు ఆమెకు దక్కిన మొదటి జవాబు అదే.