అమ్మ పిలిచిన హాజరు

ఈ ఉదయం మా ఏడో తరగతి అమ్మాయి ఒకతె లెక్కల నోటుబుక్కు నా చేతికిచ్చింది. అట్ట మీద పసుపుపచ్చని వేలిముద్రలు. తెరిస్తే పచ్చి పత్తిపువ్వు వాసన. మల్దకల్ పక్క ఊళ్ళో టీచరుగా ఉన్న నాకు అది కొత్త వాసన కాదు. నిన్న ఆదివారమంతా ఆ పిల్ల చేనులో పనిచేసి, ఆ చేతులతోనే ఇంట్లో లెక్కలు చేసిందన్నమాట. మా అమ్మ గుర్తొచ్చి, పరధ్యానంలో సరైన లెక్కను కూడా తప్పని కొట్టేశాను.

అమ్మ గట్టు మండలంలో ఒక ఊళ్ళో టీచరు. మిగతా టీచర్లు గద్వాల నుంచి బస్సులో వచ్చిపోయేవాళ్ళు. అమ్మ మాత్రం నన్ను పెట్టుకుని ఆ ఊళ్ళోనే అద్దెకుండేది. నాన్న నాకు ఊహ తెలియకముందే పోయారు. అమ్మ పొదుపు గురించి ఊరంతా నవ్వుకునేవాళ్ళు. వేళ్ళకు అందని సుద్దముక్కలను పెన్నుమూతలో దోపి రాసేది. పాత క్యాలెండరు కాగితాలను తిరగేసి కుట్టి నాకు నోటుబుక్కులు చేసేది. ఆమెకున్నది ఒకే ఒక గద్వాల చీర. నూలు ఒళ్ళు చినిగిపోతే పట్టు అంచును విప్పించి మరో నూలు చీరకు వేయించింది. అదీ చినిగితే ఇంకోదానికి. "అంచు ఇంక గట్టిగనే ఉన్నది. దాన్నెందుకు పారెయ్యాలె?" అనేది. అలా ఆ అంచు మూడు చీరలను సాగనంపింది. నేనైతే సిగ్గుతో చచ్చిపోయేదాన్ని.

మా వైపు సీడు పత్తి అంటే విత్తనాల కోసం పండించే పత్తి. సాయంత్రం మొగ్గలను గోటితో గిల్లి లోపలి మగ కేసరాలను తీసేయాలి, మధ్యలోని సన్నటి పుల్ల మాత్రం తెగకూడదు. మర్నాడు పొద్దున వేరే పువ్వు తెచ్చి దాని పుప్పొడి అక్కడ అద్దాలి. దీన్నే క్రాసింగు అంటారు. సన్నటి వేళ్ళు కావాలని ఆడపిల్లలనే పిలుస్తారు. ఆ రోజులొస్తే మా బడిలో ఆడపిల్లల వరుసలు ఖాళీ. అప్పుడు చూడాలి అమ్మను. కూలీల ఆటో ఆగే చోటికి తెల్లవారగానే వెళ్ళి నిలబడేది. బతిమాలేది కాదు, అరిచేది కాదు, అక్కడినుంచి కదిలేదీ కాదు. ఆటో డ్రైవర్లు ఆమెను చూస్తే మొహం పక్కకు తిప్పుకునేవాళ్ళు.

ఆ ఏడు అమ్మ పట్టంతా సుజాత మీదే. సుజాత నాతోపాటే ఏడో తరగతి, లెక్కల్లో నాకంటే చురుకు. వాళ్ళమ్మ ఈరమ్మ కూలికి పోయేది. అమ్మ వారం రోజులు వరుసగా వాళ్ళ గడపలో కూర్చుంది. చివరికి ఈరమ్మే దిగివచ్చింది.

"దసరా దాంక చెయ్యనియ్యి టీచరమ్మా. తర్వాత బడికి పంపుత."

"మాటనే గద?"

"మాటనే."

ఆ మాటను చెడగొట్టింది నేను. బతుకమ్మకు కొత్త లంగా కావాలని అమ్మనడిగాను. "ఉన్నది పొట్టిగైందా?" అంది. కాలేదన్నాను. "మరెందుకు?" అని మళ్ళీ పేపర్లు దిద్దుకోవడంలో పడింది. నాకు ఒళ్ళు మండిపోయింది. దసరా సెలవుల్లో అమ్మ ఏదో శిక్షణకని రోజూ గద్వాలకు పోయి వచ్చేది. ఆమె బస్సెక్కగానే నేను లంగా డబ్బుల కోసం కూలీల ఆటో ఎక్కాను. మొగ్గ ఎలా గిల్లాలో పక్క సాలులో ఉన్న సుజాతే నేర్పింది. మూడో రోజు ఈరమ్మ కూడా అదే చేనుకు వచ్చింది. నన్ను చూసింది. సాయంత్రం అమ్మ ఇల్లు చేరగానే వచ్చి గుమ్మంలో నిలబడింది.

"నీ బిడ్డ చేతులు చూడు టీచరమ్మా. మూడు దినాల సంది క్రాసింగుకు వస్తున్నది. నౌకరి ఉన్న నీకే అవసరం పడె. నాకు పడదా?"

అమ్మ నా చేతులు పట్టుకుని చూసింది.

"నాకు తెల్వదు ఈరమ్మా," అంది. "తెల్వకపోవుడు గూడ నా తప్పే."

"అయితే నేనిచ్చిన మాట గూడ లేనట్టే."

ఆ రాత్రి అమ్మ నన్ను కొట్టలేదు, తిట్టలేదు. పొద్దున లేపి, "పా, నువ్వేం పని చేసినవో నాకు జర చూపియ్యి," అంది. శిక్షణకు సెలవు పెట్టి, ఈరమ్మ పక్క సాలులో రోజంతా వంగి పనిచేసింది. ఆమె మొద్దు వేళ్ళకు సగం మొగ్గలు తెగిపోయాయి. చేను రైతు కసురుకుంటుంటే తలవంచుకుని విన్నది. పొద్దుగూకేసరికి నడుము ఎత్తలేకపోయింది.

"ఒక్క దినానికే నా నడుము పట్టె ఈరమ్మా. ఈ పిల్ల ఇన్ని దినాలు ఎట్ల చేస్తున్నది?"

"నీకు ఒక్క దినమే గాబట్టి నొప్పి తెలుస్తున్నది," అంది ఈరమ్మ చేతులు దులుపుకుంటూ. "మాకు తెలుస్తలేదు."

ఇంటికి నడిచొస్తూ అమ్మ నాతో ఒకే మాట చెప్పింది. "నువ్వడిగినప్పుడు ఎందుకు వద్దో చెప్పకపోతి. నా పొదుపు నీ మీద రుద్దిన. దానికి ఆ పిల్ల చదువు పాయె." అలా అన్నదే కానీ, కొత్త లంగా మాత్రం ఆ ఏడు కొనలేదు. అమ్మ అమ్మే.

సెలవులయ్యాక సుజాత బడికి రాలేదు. అమ్మ హాజరు పట్టికలో పేరు కొట్టేయలేదు. రోజూ పొద్దున "సుజాతా" అని పిలిచేది. పిల్ల లేచి బదులు చెప్పడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు ఆగేది. మొదట్లో మగపిల్లలు కిసుక్కుమన్నారు. తర్వాత వాళ్ళూ మానేశారు. పట్టికలో దాని తర్వాతి పేరు నాది. వేసవి సెలవుల దాకా, మిగిలిన ఏడాదంతా ఇదే. నన్ను మాత్రం ఒక్కరోజూ ఒక్కమాటనలేదు. అనుంటే బాగుండేదని నాకిప్పటికీ అనిపిస్తుంది.

అమ్మ పోయి రెండేళ్ళు. పదకొండో రోజున సుజాత వచ్చింది, పెళ్ళయి కొల్లాపూర్‌లో ఉంటోంది. అమ్మ ఫోటో ముందు కాసేపు కూర్చుంది.

"నన్ను రోజు పిలుస్తున్నదని బడి పిల్లలు చెప్తుండిరి," అంది. "తొమ్మిదిన్నర గాంగనె చేన్ల తలెత్తేదాన్ని. ఇప్పుడు నా పేరు వచ్చుంటది అనుకునేదాన్ని."

"నీ చదువు నావల్లనే పోయింది," అన్నాను. ఆ మాట చెప్పడానికి నాకు అన్నేళ్ళు పట్టింది.

"ఔ," అంది సుజాత. "కొన్నేండ్లు నీ మీద బాగ కోపముండె. ఇప్పుడు జర తక్కువైంది."

ఓదార్చనందుకు ఆమెకు మనసులోనే దండం పెట్టుకున్నాను.

అమ్మ పొదుపు నాకు అబ్బలేదు, నా బీరువాకు చీరలతో తలుపు పడట్లేదు. ఆమె నుంచి నాకు వచ్చింది హాజరు పిలిచే పద్ధతి ఒక్కటే. క్రాసింగు రోజుల్లో రాని పిల్లల పేర్లు కూడా ఒక్కొక్కటే పిలుస్తాను, పిలిచి ఆగుతాను. "లేని పిల్లను పిలిస్తే ఏమొస్తది మేడం?" అంటారు తోటి టీచర్లు. వాళ్ళకు ఏమని చెప్పను? ఏదో చేనులో వంగి ఉన్న పిల్ల ఆ వేళకు తలెత్తుతుందని నాకు తెలుసు.